తీగ కింద బతికిన ఇంజన్లు

కడంబూరు స్టేషన్లో బండి ఆగేది నిమిషం, మహా అయితే రెండు నిమిషాలు. ఆ కాసేపట్లోనే పోళీలు అమ్మేవాళ్లు కిటికీ కిటికీకీ పరుగులు తీస్తారు. తెలుగునాట బొబ్బట్లని, ఓళిగలని, భక్ష్యాలని తలా ఒక పేరుతో పిలుచుకునే తీపినే ఇక్కడ పోళీ అంటారు. కోవిల్‌పట్టి అనగానే వేరుశనగ చిక్కీ గుర్తొచ్చినట్టు, ఈ దారిలో తిరిగేవాళ్లకు కడంబూరు అనగానే పోళీ గుర్తొస్తుంది. ఒక చేతిలో పోళీ పొట్లం, వేళ్లకు నెయ్యి జిడ్డు, కళ్లు మాత్రం బండి ముందున్న ఇంజను మీద. నా చిన్నతనం తలుచుకుంటే ముందుగా కనబడేది అదే.

విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి, కడంబూరు మీదుగా మణియాచ్చి దాకా అంతా నల్లరేగడి. పత్తి, మిరప, జొన్న పండే నేల. నాయకరాజుల కాలం నుంచీ ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఊరూరా ఉన్నాయి. తమిళంలో ఈ నేల కథలన్నీ చెప్పిన కి. రాజనారాయణన్‌ది కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసేవల్, ఆయన ఇంటి భాష తెలుగే. మాకూ అంతే. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. రైల్లో మాత్రం ఎదుటివాణ్ని బట్టి రెండూ.

ఈ దారిన 1876లోనే రైలు వచ్చింది. మదురై నుంచి తూత్తుకుడికి వేసిన మీటర్ గేజ్ లైను అది. తూత్తుకుడిలో దిగి ఓడెక్కి కొలంబో వెళ్లేవాళ్ల కోసం నడిచిన బోట్ మెయిల్, 1914లో పాంబన్ మీదుగా ధనుష్కోడి దారి తెరుచుకునేదాకా మా ఊరి మీదుగానే పోయేది. ఆవిరి, డీజిలు చూసిన ఈ లైను మీద కరెంటు తీగ పడింది మాత్రం 2010 దశకంలోనే. అందుకే మా తరం వాళ్లకు కరెంటు ఇంజనంటే ఊళ్లో దొరికే వస్తువు కాదు, మద్రాసు ప్రయాణంలో తెల్లవారుజామున విల్లుపురంలో ఎదురయ్యే వింత.

పాతబడిన కరెంటు ఇంజన్లు సేవ చాలించే రోజున రైలు అభిమానులు గుంపుగా చేరుతున్నారు. పూలదండలు వేస్తారు, చివరి బండికి టికెట్టు కొనుక్కుని ఎక్కుతారు, హారన్ మోతను ఫోన్లో పట్టుకుంటారు. చూసేవాళ్లకు ఇది అర్థం కాదు. ఇనుప పెట్టెకు ఇంత వీడ్కోలేమిటని నన్ను అడిగినవాళ్లు చాలామంది. దక్షిణాదిలో ఆయుధపూజ నాడు లోకో షెడ్డుకు ఒకసారి వెళ్లి చూస్తే ఆ ప్రశ్న సగం తీరిపోతుంది. ఇంజను నుదుట పసుపు కుంకుమ, రెండు వైపులా అరటి పిలకలు, మెడలో బంతిపూల దండ. అన్నం పెట్టే పనిముట్టుకు దండం పెట్టడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. మిగతా సగానికి జవాబు కరెంటు ఇంజను తత్వంలోనే ఉంది. అదే ఇక్కడ చెప్పాలనుకుంటున్నాను.

మొదట విల్లుపురం సంగతి.

అప్పట్లో తూత్తుకుడి నుంచి మద్రాసు ఎగ్మూరుకు వెళ్లే బండి సాయంత్రం మా స్టేషనుకు వచ్చేది. మదురై, దిండిగల్, తిరుచ్చి, వృద్ధాచలం దాటి విల్లుపురం చేరేసరికి కోడి కూసే వేళ. మా మామ నన్ను భుజం తట్టి లేపేవాడు. "లేయ్ అల్లుడూ, ఇంజను మారుస్తాండారు, దిగి చూద్దాం రా" అని. రాత్రంతా మసి కక్కుతూ మమ్మల్ని లాక్కొచ్చిన ఆవిరి ఇంజను విడిపోయి పక్క పట్టాల మీదికి వెళ్లిపోయేది. బండంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయేది. తర్వాత ఎక్కడో ముందు నుంచి సన్నటి గుయ్యిమనే మోత. పొగ లేదు, నిప్పు లేదు. ముక్కు చదునుగా ఉన్న చిన్న ఇంజను, నెత్తిమీద ఇనుప చట్రం పైకెత్తి తీగను తాకిస్తూ, నెమ్మదిగా వెనక్కి వచ్చి మా పెట్టెకు ధన్‌మని తగులుకునేది. గొట్టాలు కలిపేవారు. ఈల ఊదేవారు. బండి కదిలితే కదిలినట్టు కూడా తెలిసేది కాదు. మసి పడదు కాబట్టి ఇక తల బయట పెట్టుకోవచ్చని మామ కిటికీ రెక్క ఎత్తేసేవాడు. తాంబరం దాకా నా తల బయటే.

ఆ ఇంజను పేరు వైఏఎం-1 అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. రైల్వేవాళ్లు ఇంజన్లకు పెట్టే ఈ అక్షరాలు చూసి బెదరాల్సిన పనిలేదు. మొదటి అక్షరం పట్టాల వెడల్పు చెబుతుంది. డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజ్, వై అంటే మీటర్ గేజ్. మీటరుకు దగ్గర కొలత గజం, ఇంగ్లీషులో యార్డు, ఆ మాటలోంచి వచ్చిన వై అది. రెండో అక్షరం దేనితో నడుస్తుందో చెబుతుంది. ఏ అంటే ఏసీ కరెంటు, సీ అంటే డీసీ కరెంటు, డీ అంటే డీజిలు. మూడోది చేసే పని. పీ అంటే ప్రయాణికుల బండి, జీ అంటే గూడ్సు, ఎం అంటే రెండూ. కాబట్టి వైఏఎం అంటే మీటర్ గేజ్ మీద, ఏసీ కరెంటుతో, అన్ని రకాల బండ్లూ లాగే ఇంజను.

మద్రాసులో కరెంటు రైలు 1931లోనే మొదలైంది. సౌత్ ఇండియన్ రైల్వే వాళ్లు బీచ్ స్టేషన్ నుంచి తాంబరం దాకా 29 కిలోమీటర్లు మీటర్ గేజ్ మీద తీగలు లాగి, 1,500 వోల్టుల డీసీతో లోకల్ బండ్లు నడిపారు. బొంబాయిలో విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లాకు 1925 ఫిబ్రవరి 3న తొలి కరెంటు రైలు కదిలిన ఆరేళ్లకే మద్రాసుకు ఈ సౌకర్యం వచ్చింది. 1960లలో తాంబరం నుంచి విల్లుపురం దాకా తీగ సాగింది. ఈసారి 25,000 వోల్టుల ఏసీ. ఆ దశకం చివరికి బీచ్-తాంబరం ముక్కనూ ఏసీలోకి మార్చేశారు. ఈ లైను కోసం 1964-66 మధ్య జపాను నుంచి 20 ఇంజన్లు వచ్చాయి. దూరపు ఎక్స్‌ప్రెస్‌లే కాక, చెంగల్పట్టు, విల్లుపురం వైపు నుంచి రోజూ పట్నం వచ్చిపోయేవాళ్ల ప్యాసింజరు బండ్లనూ అవే లాగాయి. పాలక్యాన్లు, పూలబుట్టలు, టిఫిను డబ్బాలు, ఆఫీసు సంచులు. ముప్పై ఏళ్లకు పైగా ఒక ప్రాంతపు పొద్దుటి పూటంతా వాటి వెనకే నడిచింది.

ఒక్కటి గమనించాలి. దేశం మొత్తంలో మీటర్ గేజ్ మీద కరెంటు తీగ ఉండింది ఈ 160 కిలోమీటర్ల చిల్లర మేరే. ఇంకెక్కడా ఉండలేదు.

కరెంటు ఇంజను బతుకు ఎంత ఇరుకో ఇక్కడే తెలుస్తుంది. ఆవిరి ఇంజను తన బొగ్గు, తన నీళ్లు తానే మోసుకుంటుంది. డీజిలు ఇంజను తన ట్యాంకు తానే మోస్తుంది. పట్టాలు సరిపోతే చాలు, ఎక్కడికైనా పోతాయి. కరెంటు ఇంజను కడుపులో ఇంధనమేదీ ఉండదు. ఎక్కడో కేంద్రంలో పుట్టిన కరెంటును తీగ మీంచి అందుకుని, తన లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌లో తగ్గించుకుని, మోటార్లకు పంచడమే దాని పని. అందుకే తేలిగ్గా ఉంటుంది, పొగ ఉండదు, అంతే బరువున్న డీజిలు కంటే ఎక్కువ లాగుతుంది. కానీ మామూలుగా దానికి మూడూ కుదరాలి. పట్టాల వెడల్పు అదే ఉండాలి, నెత్తిమీద తీగ ఉండాలి, ఆ తీగలో పారేది అదే రకం కరెంటు, అదే వోల్టేజీ అయుండాలి. ఏ ఒక్కటి మారినా అది కదలదు. మోటారు బాగుంటుంది, చక్రం బాగుంటుంది, డ్రైవరు సిద్ధంగా ఉంటాడు. అయినా కదలదు.

వైఏఎంలకు జరిగింది అదే. దేశమంతా ఒకే గేజ్ ఉండాలన్న నిర్ణయం మంచిదే. మా కడంబూరు లైను కూడా 1990లలో బ్రాడ్ గేజ్ అయింది, మా పత్తీ అగ్గిపెట్టెలూ మధ్యలో బండి మారకుండా ఉత్తరాదికి వెళ్లగలుగుతున్నాయి. కానీ మద్రాసు మీటర్ గేజ్ తీగల కింది కథ 2004లో ముగిసేసరికి ఆ ఇంజన్ల వయసు నలభైకి మించలేదు. వాటితో పాటే పనిలేకుండా పోయిన మీటర్ గేజ్ డీజిలు ఇంజన్లు, వైడీఎం-4లు, మిగిలిన మీటర్ గేజ్ లైన్లకు తరలాయి. కొన్ని మలేషియాకు, మయన్మార్‌కు కూడా వెళ్లాయి. మలేషియాలో 1995 నుంచి మీటర్ గేజ్ మీదే 25,000 వోల్టుల లోకల్ రైళ్లు నడుస్తున్నాయి కాబట్టి కాగితం మీద మన కరెంటు ఇంజన్లకూ అక్కడ చోటు ఉండాల్సిందే. కానీ వాళ్లు కొత్త రైళ్లు తెచ్చుకున్నారు. మన డీజిళ్లు సముద్రం దాటాయి, కరెంటు ఇంజన్లు తుక్కు కింద పోయాయి. ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియంలో ఈ జాతి ఇంజను ఒకటి నిలబెట్టి ఉంది. దాన్ని చూడటానికని నేను ప్రత్యేకంగా వెళ్లాను. నెత్తిమీద ఆకాశం తప్ప తీగ లేదు.

ఆవిరి ఇంజన్ల సంగతి వేరు. 1855లో తయారైన ఫెయిరీ క్వీన్‌ను బాగుచేసి 1997లో మళ్లీ ఢిల్లీ-ఆళ్వార్ మధ్య పర్యాటకుల బండికి కట్టారు. నూట నలభై ఏళ్లు దాటిన ముసలిది నీళ్లు పోసి బొగ్గు వేస్తే లేచి నడిచింది. కరెంటు ఇంజనుకు ఆ యోగం లేదు. ఆ ఢిల్లీ మ్యూజియంలోనే బొంబాయి నుంచి వచ్చిన పాత డీసీ ఇంజన్లున్నాయి. సర్ రోజర్ లమ్లీ, సర్ లెస్లీ విల్సన్ అని గవర్నర్ల పేర్లు పెట్టుకున్నవి. వాటిని రేపు ఎంత బాగుచేసినా నడపడానికి ఇవాళ దేశంలోని ప్రధాన రైలు మార్గాల్లో ఎక్కడా 1,500 వోల్టుల డీసీ తీగ లేదు. ముంబయిలో ఆఖరి డీసీ లోకల్ 2016 ఏప్రిల్ 9 రాత్రి హార్బర్ లైను మీద కుర్లా నుంచి ఛత్రపతి శివాజీ టెర్మినస్‌కు నడిచింది. 91 ఏళ్ల కింద ఏ లైను మీద మొదలైందో ఆ లైను మీదే ముగిసింది. ఆ రాత్రి రైలు అభిమానులు నిద్ర మానుకుని ఎక్కింది ఉబుసుపోకకు కాదు. తెల్లారితే ఆ తీగలో వేరే కరెంటు పారుతుంది. ఆ మోటార్ల పాట మళ్లీ వినాలనుకున్నా ఎవరూ వినిపించలేరు. అలాంటి కరెంటు ఇంజనుకు చివరి ప్రయాణమంటే నిజంగానే చివరిది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకో ఉదాహరణ దగ్గరగా ఉంటుంది. న్యూజెర్సీలో ఎడిసన్, మెట్రోపార్క్ స్టేషన్ల నుంచి రోజూ న్యూయార్క్ వెళ్లే తెలుగువాళ్లు వేలల్లో ఉంటారు. వాళ్లు ఎక్కే ఆ లైను మీదే ఒకప్పుడు జీజీ-1 అనే కరెంటు ఇంజన్లు తిరిగేవి. 1934-43 మధ్య తయారైనవి మొత్తం 139. దూరపు బండ్లకు కొత్త ఇంజన్లు వచ్చాక ముసలితనంలో ఉద్యోగులను మోసే లోకల్ బండ్లకు మిగిలాయి, చివరికి 1983 అక్టోబరు 29న న్యూజెర్సీ ట్రాన్సిట్‌లోనే సేవ చాలించాయి. వాటిలో 16 ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి, ఒక్కటీ నడవదు. అక్కడ అడ్డమైంది తీగ కాదు, ట్రాన్స్‌ఫార్మర్. దాన్ని చల్లబరిచే నూనెలో పీసీబీ అనే విషపదార్థాలు ఉండేవి. మనుషులకూ నేలకూ హాని అని తేలాక ఆ నూనెను తీసేశారు, కొన్నింటిలో ట్రాన్స్‌ఫార్మర్లనే పీకేశారు. గుండె తీసేసిన శరీరాలు అవి. వాటి వారసులుగా వచ్చిన ఏఈఎం-7లకు అమెరికా రైలు సంస్థ ఆమ్‌ట్రాక్ 2016 జూన్ 18న వాషింగ్టన్-ఫిలడెల్ఫియా మధ్య వీడ్కోలు ప్రయాణం నడిపింది. అభిమానులు టికెట్లు కొనుక్కుని మరీ వెళ్లారు. పెట్టెలా ఉండే ఆ ఇంజన్లకు రొట్టెలు కాల్చే టోస్టరని ముద్దుపేరు.

ఇక మన ఇప్పటి సంగతికి వద్దాం. ఇప్పుడు మన దేశంలో పక్కకు తప్పుకుంటున్న తరం వేరు. విజయవాడ, కాజీపేట, లాలాగూడ, విశాఖ, అరక్కోణం, ఈరోడ్ షెడ్లలో దశాబ్దాల పాటు మోగిన తరం అది. చిత్తరంజన్ కర్మాగారంలో 1970ల మొదటి నుంచి తయారైన డబ్ల్యూఏఎం-4లు దాదాపు అన్నీ వెళ్లిపోయాయి. 3,640 హార్స్‌పవర్ ఇంజన్లవి, సుమారు 500 తయారయ్యాయి. విజయవాడ-మద్రాసు మార్గానికి 1980 ప్రాంతంలో కరెంటు వచ్చినప్పుడు పగలూ రాత్రీ బండ్లు లాగినవి ఇవే. వాటి తర్వాత వచ్చిన 5,000 హార్స్‌పవర్ డబ్ల్యూఏపీ-4లు 1990లలోనూ ఆ తర్వాతా మన ఎక్స్‌ప్రెస్‌లన్నిటికీ ముఖం. ఇప్పుడు అవీ ఒక్కొక్కటిగా తగ్గుతున్నాయి.

ఈ తరం మొత్తానికి ప్రాణం ట్యాప్ ఛేంజర్ అనే యంత్రం. పాత ఇళ్లలో ఫ్యాను రెగ్యులేటరు గుర్తుందా? ఒకటి, రెండు, మూడు అని టక్కు టక్కుమని తిప్పేది. ఇదీ అదే లెక్క, కాకపోతే మెట్లు 32. డ్రైవరు పిడి తిప్పుతున్నకొద్దీ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒక్కో మెట్టూ ఎక్కి మోటార్లకు మరికాస్త వోల్టేజీ అందుతుంది. ప్రతి మెట్టుకూ ఇంజను పొట్టలో ఒక చప్పుడు, పెట్టెలకు తెలిసీ తెలియని ఒక కుదుపు. మధ్యలో రెక్టిఫయర్లు ఏసీని డీసీగా మారుస్తాయి, ఆరు మోటార్లూ డీసీతో తిరుగుతాయి. వేడిని చల్లార్చే బ్లోయర్లు వీటన్నిటి మీదా ఒక హోరు పరుస్తాయి. ప్లాట్‌ఫారం మీద నిలబడితే మన ఛాతీకి తగిలేది ఆ హోరే.

ఇంకో ముచ్చట చెప్పాలి, నాకు ఎంతో ఇష్టమైనది. మన దేశానికి ఏసీ కరెంటు ఇంజన్ల విద్య 1959-60లో ఐరోపా కంపెనీల బృందం నుంచి వచ్చింది. అందులో ఫ్రెంచివాళ్ల చేయి పెద్దది. అందుకని ఈ ఇంజన్ల లోపలి భాగాల పొట్టి పేర్లు చాలామటుకు ఫ్రెంచి మాటల్లోంచి పుట్టినవే. తీగ నుంచి వచ్చే కరెంటును తెంచే పెద్ద స్విచ్చును డీజే అంటారు, ఫ్రెంచిలో డిస్‌జాంక్టర్. ట్యాప్ ఛేంజరును జీఆర్ అంటారు, గ్రాడ్యుయేటర్. కాజీపేటలోనో విజయవాడలోనో డ్యూటీ దిగిన లోకో పైలట్ "దారిలో డీజే ట్రిప్ అయింది" అని చెబుతున్నాడంటే, తనకు తెలియకుండానే అరవై ఏళ్ల కిందటి ఫ్రెంచి ఇంజినీరు మాట పలుకుతున్నట్టే. కొత్త ఇంజన్లలో ఆ భాష తగ్గిపోయింది. ఇంజను పోవడమంటే అచ్చమైన ఒక పనివాళ్ల భాష పోవడం కూడా.

మరి ఎందుకు తప్పిస్తున్నారు? వయసు ఒక కారణం. కరెంటు ఇంజనుకు మామూలుగా 35 ఏళ్లు ఆయుష్షు కడతారు. అసలు కారణం మాత్రం కొత్త తరం. 1995 తర్వాత ఏబీబీ సంస్థ సాంకేతికతతో వచ్చిన త్రీ-ఫేజ్ ఇంజన్లు, డబ్ల్యూఏపీ-7 లాంటివి, మెట్లు ఎక్కవు. ఎలక్ట్రానిక్ పరికరాలతో కరెంటును మోటారుకు కావలసిన తీరులో అప్పటికప్పుడు మలుచుకుంటాయి. బ్రేకు వేసినప్పుడు వాటి మోటార్లే జనరేటర్లయి కరెంటును తిరిగి తీగలోకి పంపిస్తాయి. పాత ఇంజనులో బండి వేగమంతా బ్రేకుల దగ్గర వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది. ఇంకా, ఏసీ పెట్టెలకు, వంటపెట్టెకు కావలసిన కరెంటును కొత్త ఇంజనే తీగ నుంచి తీసి వెనక్కి పంపగలదు. అందుకోసం బండి చివర డీజిలు తాగుతూ హోరెత్తే జనరేటరు పెట్టె అక్కర్లేదు. రైల్వేకు ఇది కోట్ల రూపాయల ఆదా, మనకు తక్కువ పొగ. చిత్తరంజన్ 2015-16 నాటికే ట్యాప్ ఛేంజర్ ఇంజన్ల తయారీ ఆపేసింది. తయారీ ఆగితే విడిభాగాలు కరువవుతాయి, విడిభాగాలు కరువైతే షెడ్డులో ఒక ఇంజనును విప్పి ఇంకో ఇంజనును నిలబెట్టాల్సి వస్తుంది. ఆ దశ వచ్చాక ఏ యంత్రమైనా ఎంతోకాలం నిలవదు. ఈ మార్పు తప్పని నేను అనను. రోజూ ప్రయాణించేవాణ్ని, తక్కువ కుదుపు, తక్కువ పొగ నాకూ కావాలి.

సేవ నుంచి తప్పించాక ఇంజనుకు జరిగేది సాదాసీదా లెక్క. పనికొచ్చే భాగాలు తీసి తోటి ఇంజన్లకు వాడతారు. మిగిలిన దాన్ని ఈ-వేలంలో తుక్కుగా అమ్ముతారు. ట్రాన్స్‌ఫార్మర్‌లో, మోటార్లలో ఉన్న రాగికి మంచి ధర పలుకుతుంది. కొన్నవాడు గ్యాస్ కట్టరుతో ముక్కలు చేస్తాడు. పక్కపలక మీద పెద్ద అంకెలతో రాసిన నంబరు చివరిదాకా కనిపిస్తూనే ఉంటుంది. షెడ్డు వెనక పట్టాల మీద తుక్కు వేలానికి ఎదురుచూస్తున్న ఇంజన్లను ఒకసారి దగ్గరగా చూశాను. అద్దాలు లేవు, నెత్తిమీద తీగను తాకే చట్రం, పాంటోగ్రాఫ్, లేదు, డ్రైవరు కూర్చునే చోట పిచ్చుక గూడు. తలుపు మీద మాత్రం ఏనాటిదో ఆయుధపూజ కుంకుమ బొట్టు అలాగే ఉంది.

రైలు అభిమానులు చేసే పనికి నేను ఇచ్చే విలువ ఇందుకే. వాళ్లు ఫొటోలే తీస్తారనుకుంటారు చాలామంది. నిజానికి వాళ్లు నడిపేది ఒక పెద్ద లెక్కల పుస్తకం. ఏ నంబరు ఇంజను ఏ షెడ్డుది, ఏ ఏడు తయారైంది, ఏ బండికి కట్టారు, ఎప్పుడు ఏ రంగు వేశారు, ఎప్పుడు తుక్కయింది, అన్నీ రాసుకుంటారు. 1989లో అమెరికాలో చదువుకుంటున్న భారతీయ విద్యార్థులు కొందరు మొదలుపెట్టిన ఇండియన్ రైల్వేస్ ఫ్యాన్ క్లబ్ ఇలాంటి వివరాలను దశాబ్దాలుగా కూర్చి పెట్టింది. వైఏఎంల గురించి ఇవాళ ఎవరైనా నాలుగు మాటలు రాయగలుగుతున్నారంటే ఆ ఓపిక పుణ్యమే. శబ్దాలు పట్టేవాళ్లది ఇంకా గొప్ప పని. ఫొటోలో ఇంజను ఆకారం దొరుకుతుంది, బండి కదిలేటప్పటి మెట్ల చప్పుడు దొరకదు. విల్లుపురంలో నేను విన్న ఆ గుయ్యిమనే మోతను ఎవరైనా అప్పట్లో టేపు రికార్డరులో పట్టి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇందులో ఒక ఆశ కూడా ఉంది, దాని మీద గట్టిగా మాట్లాడాలి. వైఏఎంకు మన దేశంలో పట్టాలు పోయాయి. బొంబాయి డీసీ ఇంజన్లకు తీగలోని కరెంటు పోయింది. డబ్ల్యూఏఎం-4కు, డబ్ల్యూఏపీ-4కు ఇవేవీ పోలేదు. బ్రాడ్ గేజ్ పట్టాలు అవే, నెత్తిమీద అవే 25,000 వోల్టులు, పైగా ఇవాళ ఆ తీగ కన్యాకుమారి నుంచి కశ్మీరు దాకా దాదాపు ప్రతి బ్రాడ్ గేజ్ లైను మీదా ఉంది. మన దేశంలో సేవ నుంచి తప్పుకున్నాక కూడా నడవగల పరిస్థితి ఉన్న కరెంటు ఇంజన్లు ఇవి. అంటే ఈసారి సాకు లేదు. స్టేషను ముందు సిమెంటు దిమ్మె మీద రంగు వేసి నిలబెట్టడం కాదు, ఒకటి రెండింటిని నడిచే స్థితిలో ఉంచాలి. విడిభాగాలు ఇంకా దొరుకుతున్నప్పుడే, వాటిని విప్పి బిగించడం తెలిసిన చేతులు ఇంకా షెడ్లలో ఉన్నప్పుడే ఆ పని జరగాలి. అరకు ఘాట్లలో ఇనుప ఖనిజం బండ్లకు ఇంజన్లను జతకట్టి నడిపిన చరిత్ర విశాఖది. దక్షిణాది ఎక్స్‌ప్రెస్‌లను దశాబ్దాల పాటు మోసిన చరిత్ర అరక్కోణం, ఈరోడ్, విజయవాడలది. ఏ షెడ్డుకు ఆ షెడ్డు ఒక ఇంజనును తన గుర్తుగా నిలుపుకుని, ఏడాదికి ఒకసారి ఆయుధపూజ మర్నాడు నాలుగు పెట్టెలతో పక్క ఊరి దాకా నడిపితే చాలు. ఆవిరికి ఇచ్చిన గౌరవం కరెంటుకు ఎందుకు ఇవ్వకూడదు?

అప్పటిదాకా చూడాలనుకునేవాళ్లు చూడొచ్చు. ఇంజను పక్కన ఐదు అంకెల నంబరుంటుంది. 22తో మొదలైతే అది చాలామటుకు డబ్ల్యూఏపీ-4. 30తో మొదలైతే చాలామటుకు కొత్త తరం డబ్ల్యూఏపీ-7. నంబరు కనబడకపోయినా చెవి చెబుతుంది. కొత్త ఇంజను కదిలేటప్పుడు హార్మోనియంలో శ్రుతి పెంచినట్టు సన్నటి రాగం తీస్తుంది. పాతది మెట్లెక్కుతుంది. కళ్లు మూసుకుని వింటే ఒక్కో మెట్టూ వినిపిస్తుంది.

మొన్న సెలవులకు వచ్చిన మా చెల్లెలి మనవణ్ని కడంబూరు స్టేషనుకు తీసుకెళ్లాను. పోళీలు కొన్నాం. రెండు బండ్లు 30 నంబర్లతో వెళ్లాయి. మూడోది 22తో వచ్చింది, ముఖాన రంగు వెలిసి, కింద అంచున తుప్పు పట్టి. వాడు ఫోను పట్టుకుని ఇంజను దగ్గరికి పరుగెత్తాడు. నిమిషంలో పచ్చ దీపం పడింది, హారన్ మోగింది, బండి కదిలింది. వెనక గార్డు పెట్టె దాటేదాకా వాడు అక్కడే నిలబడ్డాడు.

"ఎన్ని మెట్లు లెక్కపెట్టినావురా?"

"పదకొండు దాకా వినబడింది తాతా. తర్వాత బ్లోయర్ల హోరులో తెలీలేదు. రేపు మళ్లా వచ్చి ఇంకా దగ్గరగా నిలబడతా."